కుడికాలు, బేస్ లోపలి అంచు

శనివారం రాత్రి, సర్‌ప్రైజ్, అరిజోనా

ఈ రాత్రి టెక్సస్‌లో గడియారాలు ఒక గంట ముందుకు జరుగుతాయి. అరిజోనాలో ఆ పద్ధతి పాటించరు కాబట్టి, ఇంతవరకూ ఫ్రిస్కోలోని మా ఇంటికీ ఈ హోటలు గదికీ మధ్య ఉన్న గంట తేడా రేపు తెల్లవారేసరికి రెండు గంటలవుతుంది. నాన్న పక్క మంచం మీద నిద్రపోతున్నారు. రోజంతా ఎండలో నిలబడి చూసిన బేస్‌బాల్ సాధనను మరచిపోకముందే రాసుకోవాలని కూర్చున్నాను.

మార్చి నెలలో ఒక్కసారైనా ఇక్కడికి రావాలన్నది నా ఎన్నో ఏళ్ల కోరిక. అమెరికాలోని 30 పెద్ద బేస్‌బాల్ జట్లలో సగం ఫ్లోరిడాలోను, సగం ఇక్కడ ఫీనిక్స్ చుట్టుపక్కల ఊళ్లలోను ఫిబ్రవరి మధ్య నుంచి సాధన మొదలుపెట్టి, మార్చి చివరిదాకా ఒకరితో ఒకరు లెక్కలోకి రాని ఆటలు ఆడతాయి. మా టెక్సస్ రేంజర్స్ జట్టు 2003 నుంచి ఈ సర్‌ప్రైజ్ ఊరిలో, కాన్సస్ సిటీ రాయల్స్‌తో కలిసి ఒకే స్టేడియాన్ని పంచుకుంటోంది. 2023 నవంబరు 1న ఇదే ఫీనిక్స్‌లో రేంజర్స్ తమ చరిత్రలో మొదటిసారి వరల్డ్ సిరీస్ (ఏడాది చివరి ఛాంపియన్‌షిప్) గెలిచిన రాత్రి, పిల్లవాడిని నిద్రలేపి మరీ టీవీ ముందు కూర్చోబెట్టాను. ఆనాటి నుంచి ఈ ప్రయాణం గురించి ఇంట్లో మాట్లాడుతూనే ఉన్నాను.

రేంజర్స్ పిచ్చర్ (బ్యాటర్‌కు బంతి విసిరేవాడు) కుమార్ రాకర్‌ను దగ్గర నుంచి చూడాలన్న ఆశ కూడా ఒకటి ఉంది. ఆయన తల్లి తరఫువారు భారతదేశం నుంచి వచ్చినవారు. ఆ ‘కుమార్’ అన్న పేరు జెర్సీల దుకాణంలో వినబడినప్పుడల్లా నాకు మనసులో ఏదో తెలియని దగ్గరితనం కలుగుతుంది. 2019లో కళాశాల విద్యార్థిగా ఒకే ఆటలో 19 మందిని స్ట్రైకౌట్ చేసి (మూడు స్ట్రైక్‌లతో ఔట్ చేసి), బంతిని కొట్టి బేస్ చేరే అవకాశం, అంటే హిట్, ఒక్కటి కూడా ఇవ్వని ఆ కుర్రవాడు, 2023లో మోచేతికి శస్త్రచికిత్స జరిగిన తర్వాత తిరిగి పుంజుకుంటూ 2024లో రేంజర్స్‌కు అనుబంధమైన మా ఊరి చిన్న జట్టు ఫ్రిస్కో తరఫున బంతి వేశాడు, ఆ సెప్టెంబరులోనే పెద్ద జట్టులోకి చేరాడు. ఈ రోజు ఆయన వంతు కాదు. పొద్దున దూరాన నడిచి వెళ్తున్నవారిలో ఆ భారీ విగ్రహం ఆయనదేనని నేను అనుకున్నాను. నాన్న అంత నమ్మకంగా తల ఊపలేదు.

నాన్న తెనాలి దగ్గర జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ముప్ఫై ఏళ్లకు పైగా డ్రిల్లు మాస్టారుగా పనిచేశారు. ఊళ్లో ఇప్పటికీ ఆయనకు పేరు లేదు, ‘డ్రిల్లు మాస్టారు’ అనే పిలుస్తారు. ఆరు నెలల కోసం మా దగ్గరికి వచ్చిన ఆయన నాలుగు నెలలుగా మాతో కలిసి టీవీలో పాత బేస్‌బాల్ ఆటలు మర్యాద కోసం చూశారే తప్ప, ఒక్కసారి కూడా తమంతట తాముగా ఏమీ అడగలేదు. మా అబ్బాయికి ఈ శనివారం సొంత ఆట ఉండటంతో వాడూ మా ఆయనా ఇంటి దగ్గర ఆగిపోయారు, వాడి టికెట్టు మీద నాన్నను బయలుదేరదీశాను.

ఉదయం తొమ్మిదిన్నరకు స్టేడియం వెనుక సాధన మైదానాల దగ్గరికి చేరుకున్నాము. పడమటి వైపు వైట్ ట్యాంక్ కొండలు పొడిగా, బూడిదరంగులో కనబడుతున్నాయి. ఎక్కడి నుంచో నారింజ పూల వాసన వస్తోంది. కంచెకు ఇవతల మేము, అవతల పది పన్నెండు అడుగుల దూరంలో పిచ్చర్లు. అంతకుముందు ఫ్రిస్కోలో వేలమంది మధ్య నుంచి చూసిన ఆటగాళ్ల ఊపిరి చప్పుడు ఇక్కడ వినబడుతోంది. వాళ్లు బంతి వేయడం లేదు. ఒకరి వెనుక ఒకరు వరుసగా నిలబడి, తమ వంతు రాగానే మౌండ్ (బంతి విసిరే మట్టి దిబ్బ) ఎక్కి, ఉత్త చేత్తో బంతి వేసినట్టు అభినయించి, ఎడమవైపుకు పరుగెత్తుతున్నారు. అంతే. మళ్లీ వచ్చి వరుస చివర నిలబడుతున్నారు.

నాన్న కంచె పట్టుకుని చాలాసేపు చూసి, “అమ్మాయ్, వీళ్లేం చేస్తున్నారు?” అని అడిగారు. నాలుగు నెలల్లో ఆయన అడిగిన మొదటి ప్రశ్న అది, కాబట్టి నాకు తెలిసినదంతా జాగ్రత్తగా చెప్పాను.

బ్యాటర్ కొట్టిన బంతి నేల మీద దొర్లుతూ, అతని వైపు నుంచి చూస్తే కుడిపక్కకు వచ్చినప్పుడు, దాన్ని ఆపడానికి ఫస్ట్ బేస్ (బ్యాటర్ పరుగెత్తి మొదట చేరాల్సిన దిండు) దగ్గర కాపలా ఉన్నవాడు బేస్ వదిలి రావలసి ఉంటుంది. అప్పుడు ఆ బేస్ ఖాళీ అవుతుంది. బ్యాటర్ 90 అడుగుల దూరాన్ని నాలుగు సెకన్లకు కాస్త అటూ ఇటూగా పరుగెత్తేస్తాడు. అతనికంటే ముందు బంతి పట్టుకుని ఎవరైనా బేస్‌ను తాకితే అతను ఔట్. ఆ లోపల బేస్ దగ్గరికి చేరగలిగినవాడు సాధారణంగా పిచ్చర్ ఒక్కడే. బంతిని పూర్తి బలంతో విసిరి ఇంకా ఒంటికాలి మీద తూలుతున్న మనిషి, తన ఎడమవైపుకు బంతి వెళ్లిందని తెలిసిన క్షణంలో, ఎక్కడికి వెళ్లిందో చూస్తూ నిలబడకుండా కదలాలి. బేస్ మీదికి సూటిగా పరుగెత్తకూడదు. బేస్‌కు కొన్ని అడుగుల ఇవతల, బ్యాటర్ పరుగెత్తి వచ్చే గీత దగ్గరికి చేరుకుని, అక్కడి నుంచి గీత వెంబడే పైకి సాగాలి. పరుగు ఆపకుండానే బంతిని గ్లవ్‌లోకి అందుకోవాలి, కళ్లు అప్పుడు బేస్ మీదికి తిప్పాలి, కుడికాలితో బేస్ లోపలి అంచును మాత్రమే తాకి మైదానం లోపలికి మళ్లిపోవాలి. కాలు బేస్ మధ్యలో వేస్తే, వెనుక నుంచి పూర్తి వేగంతో వస్తున్న బ్యాటర్ ఆ మడమ మీద తొక్కుతాడు. ఒక పిచ్చర్ ఏడాది అక్కడితో అయిపోవచ్చు. 2023లో బేస్ కొలతను 15 అంగుళాల నుంచి 18 అంగుళాలకు పెంచిన కారణాలలో ఇలాంటి గాయాలు తగ్గించడం కూడా ఒకటి.

నేను ఇంకా చెబుతుండగానే నాన్న, “ఖో-ఖోలో పోల్ దగ్గర మలుపు లాంటిది” అన్నారు. పోల్ దగ్గర ఏ కాలు ముందు పడాలో, ఒళ్లు ఎటు వాలాలో నేర్పడానికి తమకు ఒక్కొక్క జట్టుకు రెండు నెలలు పట్టేదట. పిల్లలు పరుగు నేర్చుకుంటారు కానీ కాలు ఎక్కడ వేయాలో నేర్చుకోవడానికి విసుగుపడతారట. ఆ తర్వాత ఆయన నాతో మాట్లాడలేదు. వరుసలో ఒక్కొక్కరి కాలినే చూస్తూ, తప్పు పడినప్పుడల్లా నాలుకతో చిన్నగా చప్పరిస్తూ ముప్పావుగంట నిలబడ్డారు. కోట్ల డాలర్ల ఒప్పందం ఉన్నవారూ, ఏ రోజు ఇంటికి పంపుతారో తెలియని పిల్లలూ ఆ వరుసలో ఒకరి వెనుక ఒకరు నిలబడ్డారు, అందరిదీ ఒకే పరుగు. వీపు మీద పేరు లేకుండా 94 అంకె మాత్రమే ఉన్న సన్నటి కుర్రవాడి కాలు మూడుసార్లు బేస్ మధ్యలోనే పడింది. కోచ్ కోపగించుకోలేదు, మూడుసార్లూ వరుస చివరికి పంపకుండా అక్కడికక్కడే వెనక్కి పిలిచి మళ్లీ చేయించాడు. “మంచి మాస్టారు” అన్నారు నాన్న.

మధ్యాహ్నం కారు డిక్కీ తెరిచి, పొద్దున వంటగది ఉన్న ఈ హోటలు గదిలోనే కలుపుకున్న పులిహోర తిన్నాము. ఎడారిలో ఎందుకు ఆడతారని నాన్న అడిగితే, ఉత్తరాన మంచు కురిసే రోజుల్లో ఇక్కడ వాన భయం ఉండదని, 1947లో రెండు జట్లతో మొదలైన వ్యవహారం ఇప్పుడు పదిహేను జట్లయిందని చెప్పాను.

ఆట గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు. మాకు ఫస్ట్ బేస్ వైపు పన్నెండవ వరుసలో సీట్లు దొరికాయి. ఔట్‌ఫీల్డ్ అవతల పచ్చిక గట్టు మీద దుప్పట్లు పరచుకుని కుటుంబాలు కూర్చున్నాయి. పేరున్న ఆటగాళ్లు రెండు మూడు సార్లు బ్యాటింగ్ చేసి, అయిదవ ఇన్నింగ్స్ కల్లా సంచులు భుజాన వేసుకుని వెళ్లిపోయారు, వాళ్లతోపాటు జనం కూడా పలచబడ్డారు. సరిగ్గా ఆ సమయానికే నాకు ఆట మీద ప్రేమ ఎక్కువైంది. అక్కడి నుంచి మైదానంలో మిగిలేది 70లు, 80లు, 90ల అంకెలు వేసుకున్న పిల్లలు. స్కోరు ఎవరికీ పట్టని ఆ సమయంలో వాళ్ల ఏడాది నిర్ణయమవుతుంది.

ఏడవ ఇన్నింగ్స్‌లో 94 మౌండ్ మీదికి వచ్చాడు. నేను గుర్తుపట్టకముందే నాన్న నా మోచేయి పట్టుకున్నారు. మొదటి బ్యాటర్‌కు నాలుగు బంతులూ బయటే వేసి నడక (కొట్టకుండానే ఫస్ట్ బేస్‌కు వెళ్లే అవకాశం) ఇచ్చాడు. రెండవవాడు గాలిలోకి కొట్టి ఔటయ్యాడు. మూడవవాడు ఎడమచేతి బ్యాటర్. బంతి కుడిపక్కకు, గట్టిగా, నేల మీద. ఫస్ట్ బేస్ కుర్రవాడు తన కుడివైపుకు నాలుగడుగులు వేసి మోకాళ్ల మీద దాన్ని ఆపాడు. 94 అప్పటికే కదిలాడు. గీత దగ్గరికి వచ్చి, గీత వెంబడే పైకి సాగి, బంతి గ్లవ్‌లో పడ్డ తర్వాతే తల వంచి, కుడికాలు బేస్ లోపలి అంచు మీద ఆనించి లోపలికి మళ్లాడు. బ్యాటర్ కాలు ఆ వెంటనే పడింది, సరిగ్గా బేస్ మధ్యలో. పొద్దున 94 కాలు మూడుసార్లు పడిన చోట.

అంపైర్ చేయెత్తి ఔటన్నాడు. చప్పట్లు అక్కడక్కడ వినబడ్డాయి. చాలామంది ఆ సమయంలో ఐస్‌క్రీము కొనుక్కుంటున్నారు. నాన్న లేచి నిలబడ్డారు. క్లాసులో పిల్లవాడు సరిగ్గా చేసినప్పుడు కొట్టినట్టు, రెండే రెండు చప్పట్లు గట్టిగా కొట్టి కూర్చున్నారు. నేను స్కోరు పుస్తకంలో 3-1 అని రాసుకున్నాను. ఫస్ట్ బేస్‌మన్ (3వ స్థానం) అందించగా పిచ్చర్ (1వ స్థానం) చేసిన ఔట్‌ను అలా రాస్తారు. అచ్చువేసిన జాబితాలో ఆ కుర్రవాడి పేరు లేకపోవడంతో పక్కన పెన్సిలుతో 94 అని మాత్రమే వేశాను. నాన్న ఆ పుస్తకం తీసుకుని, ఆ గడి మీద వేలు పెట్టి, ఇంకేమైనా రాయాలా అని అడిగారు. కాలు ఎక్కడ పడిందో రాయడానికి స్కోరు పుస్తకంలో గుర్తు లేదని చెప్పాను. “ఉండాలి” అన్నారు.

సాయంత్రం ఇంటికి వీడియో కాల్ చేసినప్పుడు మా అబ్బాయి తన ఆట సంగతి చెప్పబోతుంటే, నాన్న ఫోన్ నా చేతికిచ్చి ఎత్తి పట్టుకోమన్నారు. హోటలు వార్తాపత్రికను నాలుగు మడతలు వేసి కార్పెట్ మీద పెట్టి, అటువైపు తలుపు దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. డెబ్భై ఒక్క ఏళ్ల మనిషి, లుంగీ మీద, నాలుగడుగులు నెమ్మదిగా నడిచి వచ్చి, చేతులు గుండె దగ్గర బంతి పట్టినట్టు పెట్టుకుని, కుడికాలు పత్రిక అంచుకు ఆనించి గోడవైపు మళ్లారు. అటు వాడు కెమెరాను తన కాళ్ల వైపు తిప్పి, సోఫా దిండు ఒకటి నేల మీద వేశాడు.

“అది కాదురా నాన్నా, ఎడమకాలు వేశావు. మళ్లీ” అన్నారు నాన్న.