మేనమామ అతిథా? చెల్లి పెళ్లికి అనుమతి తెచ్చుకున్న అనుభవం

చెల్లి పెళ్లి 2020 ఏప్రిల్‌లో కావాలి. శుభలేఖలు సగం పంచాక, మార్చి 24 రాత్రి ప్రధాని టీవీలోకి వచ్చి లాక్‌డౌన్ అన్నారు. మిగిలిన సగం శుభలేఖలు ఇప్పటికీ మా అటక మీదే ఉన్నాయి. ఏప్రిల్ పోయింది, మే పోయింది, తర్వాత శుక్ర మూఢం వచ్చింది. అది విడిచాక జూన్ రెండో వారంలో ఒక ముహూర్తం దొరికింది. అదీ తప్పితే ఆషాఢం. మగపెళ్లివారిది రాజమండ్రి, మాది గోదావరికి ఇవతల పల్లెటూరు. కల్యాణ మండపం వాళ్ళు తాళం తీసే ధైర్యం చెయ్యలేదు కాబట్టి ఇంటి ముందే పందిరి వేద్దామనుకున్నాం.

పెళ్లికి తహసీల్దారు ఆఫీసు అనుమతి కావాలని ఊళ్లో సచివాలయంలో చెప్పారు. మా ఇంట్లో కాగితం ఏదొచ్చినా నా చేతికే వస్తుంది. పెళ్లై వేరే ఊరు వెళ్ళినా ఆ ఉద్యోగం మాత్రం పోలేదు.

అప్పటికి కేంద్ర హోం శాఖ మే 30న ఇచ్చిన ఉత్తర్వు పీడీఎఫ్ వాట్సాప్‌లో తిరుగుతోంది. టీవీ స్క్రోలింగ్‌లో ‘పెళ్లికి 50 మంది, అంత్యక్రియలకు 20 మంది’ అని వేస్తున్నారు. ఎందుకైనా మంచిదని ఇంగ్లీషు కాగితం తెరిచి చదివాను. పెళ్లి దగ్గర ‘గెస్ట్స్’ 50కి మించకూడదని ఉంది. ఆ వెంటనే చావు దగ్గర ‘పర్సన్స్’ 20కి మించకూడదని ఉంది. పక్కపక్క వాక్యాల్లోనే మాట మారింది. తెలుగులోకి వచ్చేసరికి రెండూ ‘మంది’ అయిపోయాయి.

అదేమంత పెద్ద తేడా అనిపించొచ్చు. నేనూ అలాగే అనుకుని, ఊరికే ఒక పాత నోటు పుస్తకంలో లెక్క రాశాను. పెళ్లికూతురు, పెళ్లికొడుకు ఇద్దరు. మా ఇంట్లో నాయనమ్మ, అమ్మ, నాన్న, నేను, మా ఆయన, మా బాబు, ఆరుగురం. అటువైపు తల్లిదండ్రులు, అన్నావదినలు, వాళ్ళ పాప, అయిదుగురు. పురోహితులు ఇద్దరు. సన్నాయి, డోలు, శ్రుతి, తాళం కలిపి మేళం వాళ్ళు నలుగురు. వంటవాళ్ళు అయిదుగురు. ఫోటోకి, వీడియోకి ఇద్దరు. మొత్తం 26. ఇంకా ఒక్క చుట్టాన్ని కూడా పిలవలేదు! ‘పర్సన్స్’ అయితే మిగిలింది 24, ఇరువైపులా తలా పన్నెండు. ‘గెస్ట్స్’ అయితే ఈ 26 కాక ఇంకో యాభై మందిని పిలవొచ్చు.

మొదట సచివాలయంలో అడిగాను. అక్కడి అమ్మాయి తన ఫోన్‌లో ఉన్న అదే పీడీఎఫ్ తీసి చదివి, “గెస్టులనే ఉందండీ” అంది. అది నాకూ తెలుసు. వీఆర్వో గారు కాస్త ధైర్యస్తులు. “గెస్టులంటే మీరు పిలిచినవాళ్ళు. మిమ్మల్ని మీరు పిలుచుకోరు కదమ్మా” అన్నారు. ఎంత చక్కగా ఉంది! ఆ ఉత్సాహంతో నాన్న పోలీస్ స్టేషన్‌కి వెళ్తే అక్కడ, “మేం వస్తే తలకాయలు లెక్కపెడతాం మాస్టారూ, ఎవరు ఎవరికి ఏమవుతారో మాకెలా తెలుస్తుంది” అన్నారు. అదీ న్యాయమే. ఉత్తర్వు మీరితే డిజాస్టర్ మేనేజ్‌మెంట్ చట్టం కింద, 188 సెక్షన్ కింద కేసు అని చివర రాసి ఉంది. పెళ్లిలో మధుపర్కాల బదులు ఎఫ్ఐఆర్ ఇస్తారేమోనని అమ్మకి ఒకటే టెన్షన్.

అసలు గొడవ ఆఫీసుల్లో కాదు, ఇంట్లో వచ్చింది. దరఖాస్తుతో పాటు వచ్చేవాళ్ళ పేర్లు, ఆధార్ నంబర్లతో జాబితా ఇమ్మన్నారు. వీఆర్వో గారి మాట నమ్మి నేను రెండు కాలమ్‌లు గీశాను. ఒకటి ‘ఇంటివారు’, రెండోది ‘అతిథులు’. చిన్నప్పటి నుంచి మమ్మల్ని ఎత్తుకు తిరిగిన మేనమామ పేరు రెండో దాంట్లో రాశాను. ఆయనది పక్క ఊరు, వేరే ఇల్లు, వేరే రేషన్ కార్డు. ఆధార్ జిరాక్స్ ఇవ్వడానికి వచ్చి నా భుజం మీంచి తొంగి చూశాడు.

“ఏమే, నేను అతిథినా? బుట్టలో కూర్చోబెట్టి పిల్లని మోసుకొచ్చేది ఎవరు? నీ తహసీల్దారా?”

కాఫీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. అమ్మ రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

మేనమామ పేరు మొదటి కాలమ్‌లోకి మార్చగానే మేనత్త గుర్తొచ్చింది. ఆడపడుచు లేకుండా పెళ్లేమిటి? ఆమె వస్తే పెదనాన్న, పెదనాన్న వస్తే బాబాయిలు. అలా రాసుకుంటూ పోతే ‘ఇంటివారు’ 40 దాటారు, ‘అతిథులు’ కాలమ్‌లో నాన్న స్నేహితులిద్దరూ, నా చెల్లి స్నేహితురాలూ మిగిలారు. మన పెళ్ళిళ్ళలో నిజంగా అతిథి అనదగ్గవాడు ఎవడూ ఉండడని అప్పుడే తెలిసింది. ఎవరినైనా అలా అంటే అది మర్యాద కాదు, పరాయివాణ్ణి చేసినట్టు.

పోనీ మగపెళ్లివారంతా అతిథులే కదా అని నాన్నకి ఒక ఆలోచన వచ్చింది. ఫోన్‌లో మెల్లగా ఆ మాట కదిపారు. అవతలాయన చాలా సౌమ్యులు, అయినా గొంతు మారింది. “మేము మగపెళ్లివారమండీ బావగారూ, పేరంటానికి వచ్చేవాళ్ళం కాదు కదా!” నాన్న వెంటనే వాతావరణం గురించి మాట్లాడారు.

ఇవి చాలవన్నట్టు ఇంకో రెండు చిక్కులు. మొదట పెట్టుకున్న ముహూర్తం రాత్రి 1 గంట 42 నిమిషాలకి. జూన్‌లో రాత్రి 9 నుంచి తెల్లవారి 5 దాకా కర్ఫ్యూ. అంటే వచ్చినవాళ్ళు 9 లోపు వచ్చి 5 దాకా మా పందిట్లోనే ఉండాలి. యాభై మందికి పక్కలు ఎక్కడ వెయ్యాలి? వేస్తే మనిషికీ మనిషికీ మధ్య ఉంచాల్సిన ఆ దూరం ఎలా? సిద్ధాంతి గారు పెద్దమనసు చేసుకుని ఉదయం 10 గంటల 20 నిమిషాలకి ఇంకో ముహూర్తం తీశారు. అది కూడా మంచిదేనట, ముందే ఎందుకు చెప్పలేదో మరి.

రెండోది నాయనమ్మ. 65 దాటినవాళ్ళూ, పదేళ్ల లోపు పిల్లలూ ఇంట్లోనే ఉండాలని అదే ఉత్తర్వులో ఉంది. అది నిషేధం కాదు, సలహా అని రాశారు. సలహా పాటించకపోతే కేసు పెడతారా? నాయనమ్మకి 78, మా బాబుకి 6. దీనికి మాత్రం నేను ఎవరినీ అడగలేదు. నాయనమ్మే తేల్చేసింది. “నేను ఇంట్లోనే ఉన్నాను కదే. పెళ్లే ఇంటికొచ్చింది.”

చివరికి శుభలేఖ, ఇద్దరి ఆధార్ జిరాక్స్‌లు, జాబితా, మాస్కులూ శానిటైజరూ పెడతామని హామీ పత్రం, అన్నీ పట్టుకుని తహసీల్దారు ఆఫీసుకి వెళ్ళాను. మూడోసారి వెళ్ళినప్పుడు అనుమతి కాగితం చేతికొచ్చింది. అందులో ‘50 మందికి మించకుండా’ అని ఉంది. మళ్ళీ అదే ‘మంది’. ఉండబట్టలేక, “ఇంటివాళ్ళతో కలిపా, కాకుండానా అండీ?” అని అడిగాను. క్లర్కు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

“అమ్మా, అడక్కపోతే మీకు నచ్చినట్టు చదువుకునేవారు. ఇప్పుడు అడిగారు. అడిగితే మేం తక్కువే చెప్పాలి. కలిపే.”

నన్ను ఎవరు అడగమన్నారు? ఇంటికి వచ్చేదాకా నన్ను నేనే తిట్టుకున్నాను.

ఇక కత్తెర పట్టక తప్పలేదు. మేళం నుంచి ఇద్దర్ని తగ్గించాం, సన్నాయి, డోలు చాలన్నాం. వంట పక్కింటివాళ్ళ పెరట్లో పెట్టించాం. వంటవాళ్ళు వంటలో ఉన్నారు గానీ పెళ్లిలో లేరని నాన్న వాదన. అంతకు ముందు నేను వేసిన 26 అలా 19 అయింది. మిగిలిన 31లో మగపెళ్లివారికి 16, మాకు 15. ఆ పదిహేనులో మామయ్య కుటుంబం నలుగురు. హైదరాబాద్‌లో ఉన్న బాబాయి వాళ్ళు వీడియో కాల్‌లో చూశారు. వాళ్ళు అతిథులో పర్సన్లో ఎవరూ అడగలేదు.

పెళ్లి రోజు జీలకర్ర బెల్లం అయ్యాక ఒక కానిస్టేబుల్ వచ్చాడు. ఇరవై ఏడేళ్ళుంటాయేమో. గుమ్మం దగ్గర నిలబడి వేలితో లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. సరిగ్గా అప్పుడే తలంబ్రాలకని అందరూ లేచి ముందుకు తోసుకొచ్చారు. లెక్క తప్పింది, మళ్ళీ మొదలెట్టాడు. మళ్ళీ తప్పింది. విసుగొచ్చి, “వీళ్ళలో గెస్టులెవరండీ?” అన్నాడు.

బుట్ట మోసిన చేతులు ఇంకా పట్టేసి ఉన్నాయేమో, మామయ్య మోచెయ్యి రుద్దుకుంటూ ముందుకు వెళ్ళాడు. “గెస్టులెవరూ లేరు బాబూ. అందరం ఇంటివాళ్ళమే. రా, భోంచేద్దువు గాని.”

అతను భోంచెయ్యలేదు. మాస్కులు పైకి పెట్టుకోమని చెప్పి, లడ్డూ పొట్లం తీసుకుని వెళ్ళాడు.

ఆగస్టు 29న ఇంకో ఉత్తర్వు వచ్చింది. సెప్టెంబరు 20 వరకు పెళ్ళికి 50 ‘గెస్ట్స్’, చావుకి 20 ‘పర్సన్స్’, ఆ తర్వాత దేనికైనా 100 ‘పర్సన్స్’ అని రాశారు. ఎవరు అడిగారో, ఎక్కడ తగూ అయిందో గానీ పెళ్లి దగ్గర గెస్టు అనే మాట తీసేశారు. ఆ వాక్యం కింద గీత గీసి ఫోటో తీసి మామయ్యకి వాట్సాప్‌లో పంపాను.

“అయితే ఇప్పుడు నేను పర్సన్‌నా?” అని జవాబు పెట్టాడు.