కొనకముందే కట్టి చూసిన చీర

తమ్ముడి పెళ్లికి ఏ రంగు చీర కొనాలో ఈసారి ఫోన్లోని ఏఐనే అడిగాను. నా నిలువెత్తు ఫొటో, కోనసీమలోని బండారులంక నేతగారు వాట్సాప్‌లో పంపిన చీరల ఫొటోలు ఇచ్చి, "ఇవి నాకు కట్టి చూపించు, ముఖం, ఒళ్లు మార్చొద్దు" అని తెలుగులోనే రాశాను. ఆ చివరి ముక్క రాయకపోతే సగానికి సన్నం చేసేస్తుంది మరి!

రంగు తేల్చుకోవడానికి భేషుగ్గా ఉంది. వంగపండు రంగులో ముఖం వెలిగింది, చిలకపచ్చలో వాడిపోయింది. జాకెట్టుకి బోట్ నెక్కే బాగుందని కూడా అక్కడే తేలింది. ఆ బొమ్మే మా టైలర్ అక్కకి పంపాను.

నేత సంగతి మాత్రం దానికి పట్టదు. అది చీర కట్టదు, బొమ్మ గీస్తుంది, అంతే. గంజి పెట్టిన కాటన్ కుచ్చిళ్లు ఎలా నిలబడతాయో, మే నెల కోనసీమ ఉక్కలో ఒంటికి ఎలా ఉంటుందో అందులో తెలీదు. ఉప్పాడ జామ్దానీ ఇస్తే ఇంకా ఘోరం. నేస్తూనే చేత్తో పొదిగే బుటాల్ని ప్రింటు అద్దినట్టు చూపించింది, కొన్ని బుటాలైతే ఏకంగా మార్చేసింది. 2009లో భౌగోళిక గుర్తింపు పొందిన నేత అది!

ఆదివారం బండారులంక వెళ్లి, వంగపండు రంగుది చేత్తో పట్టుకుని చూశాకే బేరం. మా వదిన తనకీ ఏఐలో అలా కట్టి చూపించమంటోంది. ముందు ఆవిడకి మంచి వెలుతురులో నిలువెత్తు ఫొటో తీయాలి, అన్నీ సెల్ఫీలే ఉన్నాయి.