మూలాపేటలో ఒక బోలు గిటారు

రాత్రి భోజనాలయ్యాక నా ఎలక్ట్రిక్ గిటారును యాంప్‌కి (సౌండ్ పెంచే పెట్టెకి) కలపకుండానే వాయించుకుంటాను. మామూలు ఎలక్ట్రిక్ గిటారుకు లోపల నిండా చెక్కే కాబట్టి, అలా వాయిస్తే తీగల చప్పుడు తప్ప ఏమీ ఉండదు. నాది హాలో బాడీ, లోపలంతా ఖాళీ. పక్కగదిలో మా అమ్మకు పాట తెలుస్తుంది, పిల్లల నిద్ర మాత్రం చెడదు.

ఇది 1970ల నాటి ఐబనెజ్ 2355, జపాన్‌లో తయారైంది. అమెరికా కంపెనీ గిబ్సన్ వాళ్ల ఇఎస్-175 చూసి చేసిన గిటారు. కావలిలో ఒక పెద్దాయన దీన్ని పెళ్లిళ్లకూ తిరునాళ్లకూ ఆర్కెస్ట్రాలో వాయించారు. ఆయన చేతులకు వాతం వచ్చాక నాకిచ్చారు. డబ్బు తీసుకున్నారు కానీ, "దీన్ని బీరువా మీద పెట్టబాకు అబ్బయ్యా, వాయిస్తా ఉండు" అన్న మాటే గట్టిగా చెప్పారు.

ఈ జాతి గిటార్లు పుట్టిన కారణం నాకు చాలా ఇష్టం. డ్యాన్స్ బ్యాండ్లలో బాకాలు, డ్రమ్ముల మధ్య గిటారు వినపడేది కాదు. 1936లో గిబ్సన్ వాళ్లు బోలు గిటారుకే పికప్ (తీగల కదలికను కరెంటుగా మార్చి యాంప్‌కి పంపే అయస్కాంతపు ముక్క) బిగించి ఇఎస్-150 తెచ్చారు. చార్లీ క్రిస్టియన్ అనే గిటారిస్టు 1939లో బెన్నీ గుడ్‌మన్ జాజ్ బృందంలో చేరి, దాని మీద శాక్సఫోన్ వాళ్లతో సమానంగా సోలోలు వాయించాడు. 1942లో క్షయతో పోయేనాటికి అతనికి 25 ఏళ్లు. ఆ కాస్త కాలంలోనే, తాళం పట్టుకుని వెనక కూర్చునే గిటారును ముందుకు తెచ్చి కూర్చోబెట్టాడు.

ఇఎస్-175 వచ్చింది 1949లో. ధర 175 డాలర్లు, పేరులో ఉన్న అంకె అదే. దాని పైపలక పల్చటి పొరలు అతికించి వంపుగా నొక్కిన ప్లైవుడ్. ప్లైవుడ్ అనగానే చాలామంది మొహం చిట్లిస్తారు, నేను ఒప్పుకోను. పొరలు లేని నిండు స్ప్రూస్ చెక్కను చెక్కి చేసిన గిటారు యాంప్ లేకుండా ఇంకా బాగా మోగుతుంది, నిజమే. కానీ పికప్ పెట్టాక అంత స్వేచ్ఛగా ఊగే పలకే తలనొప్పి. ప్లైవుడ్ కాస్త బిర్రుగా ఉంటుంది. అందుకే స్వరం ఠక్కున పుట్టి, లావుగా పలికి, ఎక్కువ సాగకుండా ఆగుతుంది. జో పాస్, జిమ్ హాల్ లాంటి జాజ్ గిటారిస్టులు వాయించింది ఇఎస్-175లే. వాళ్ల వాయింపులో మాటకూ మాటకూ మధ్య ఉండే ఖాళీ నాకు ఆ చెక్కలోంచే వచ్చినట్టు అనిపిస్తుంది.

దీంతో ఉన్న చిక్కు ఫీడ్‌బ్యాక్. యాంప్ శబ్దం వచ్చి పైపలకను కదిలిస్తుంది, పలక తీగల్ని కదిలిస్తుంది, పికప్ దాన్నే మళ్లీ యాంప్‌కి పంపుతుంది. కాసేపటికి 'కూ' అని ఒకటే అరుపు. 1958లో వచ్చిన ఇఎస్-335లో నడిమధ్య మేపుల్ దిమ్మ పెట్టింది చాలావరకు ఇందుకే. కావలి పెద్దాయనైతే ఎఫ్-హోల్స్‌లో (పైపలక మీది 'f' ఆకారపు కంతల్లో) పాత పంచె ముక్కలు కుక్కి తిరునాళ్లలో వాయించేవారట. నేను వాటిని తీసేశాను. నాకు పెద్ద స్టేజీ అక్కర్లేదు. చిన్న గదిలో, సౌండ్ తగ్గించి, యాంప్‌కి కాస్త పక్కగా కూర్చుంటే అరుపు రాదు. గిటారు అసలు గొంతూ అప్పుడే బయటికొస్తుంది.

మన నెల్లూరు వాతావరణానికి దీన్ని చూసుకోవడం ఒక పని. కార్తీకం వానల్లో మైపాడు సముద్రం వైపు నుంచి చెమ్మగాలి కొడుతుంది, చెక్క ఉబ్బుతుంది, తీగలు పైకి లేస్తాయి. రోహిణి ఎండల్లో అంతా తిరగబడుతుంది. నెక్ (గిటారు మెడ) లోపల వంపు సరిచేసే ఇనుప కడ్డీ ఉంటుంది, దాన్నే ట్రస్ రాడ్ అంటారు. దాన్ని ఒకేసారి గట్టిగా తిప్పకూడదు. పావు చుట్టు తిప్పి, ఒక రాత్రి వదిలేసి, పొద్దున చూడాలి. తీగలు తుడవకుండా పెడితే వారంలో తుప్పే.

పైపలక మీద తీగల్ని మోసే బ్రిడ్జ్ కింది చెక్క పగిలినప్పుడు ఉదయగిరి తీసుకెళ్లాను. చెక్క గరిటెలకూ స్పూన్లకూ పేరున్న ఊరు కదా. అక్కడి పనివాడు పైపలక మీద వేలితో కొట్టి, చెవి ఆనించి, "దీనికి మేకు లేదా సామీ?" అన్నాడు. లేదు. ఈ బ్రిడ్జ్‌ను అతికించరు, మేకు కొట్టరు, తీగల బిగువే దాన్ని నొక్కి పట్టుకుంటుంది. అందుకే అడుగుభాగం పలక వంపుకు వెంట్రుకవాసి సందు లేకుండా కూర్చోవాలి. అతను బాగా ఆరిన గట్టి చెక్క చెక్కి, పలక మీద గరుకు కాగితం పరిచి, బ్రిడ్జ్‌ను దాని మీదే ముందుకీ వెనక్కీ రుద్దాడు. ఎవరూ చెప్పకుండానే ఆ పద్ధతి పట్టుకున్నాడు. ఇంటికొచ్చి, పన్నెండో ఫ్రెట్ (మెట్టు) దగ్గర హార్మోనిక్ (తీగను నొక్కకుండా తాకితే వచ్చే స్వరం), నొక్కిన స్వరం ఒకటిగా పలికేదాకా దాన్ని మిల్లీమీటర్లలో జరిపాను.

కొనాలనుకునేవాళ్లకు ఒక మాట. 1970ల జపాన్ గిటారు కనపడితే చాలు 'లాసూట్' (కోర్టు దావా) గిటారు అని పేరు పెట్టి ధర పెంచుతారు. 1977లో గిబ్సన్ యజమాని నార్లిన్ వేసిన ఆ దావా, అమెరికాలో ఐబనెజ్ అమ్మే సంస్థ మీద, గిటారు తల ఆకారం గురించి. మరుసటి ఏడు రాజీ అయింది. ఆ పేరు చూసి రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకండి. నెక్ నిటారుగా ఉందా, పైపలక కుంగిందా, లోపల కట్టెలు ఊడాయా అన్నవి చూసి ఇవ్వండి.

కావలి, గూడూరు, ఒంగోలు ఆర్కెస్ట్రా ఇళ్లలో ఇలాంటివి ఇంకా ఉండే ఉంటాయి. మీ ఇంట్లో ఉంటే రంగు మాత్రం వేయించకండి, పాత పికప్ పీకి కొత్తది పెట్టించకండి. తీగలు మార్చి, ఫ్లాట్‌వౌండ్ (చదును రేకు చుట్టిన నున్నటి తీగలు) వేసి, ముందు ఒక నెల వాయించండి.