కడుపుతో ఉన్నప్పుడు చిగుళ్ల నుంచి రక్తం – నా అనుభవం

మూడో నెలలో ఒకరోజు పొద్దున బ్రష్ చేసి ఉమ్మితే నురగ ఎర్రగా వచ్చింది. తర్వాత జామకాయ కొరికినా ముక్కకి రక్తం అంటుకునేది. మా అత్తయ్య "బిడ్డ కాల్షియం లాగేసుకుంటుందమ్మా, మా రోజుల్లో కాన్పుకో పన్ను ఊడేది" అనేసరికి నాకు టెన్షన్ పట్టుకుంది. రక్తం వస్తోంది కదా అని చిగుళ్ల దగ్గర తోమడం మానేసి పైపైన కానిచ్చేదాన్ని. నేను చేసిన పెద్ద తప్పు అదే, పది రోజులకల్లా చిగుళ్లు ఉబ్బిపోయాయి.

ఇంట్లో అందరూ కాన్పయ్యాక చూపించుకోవచ్చులే అన్నారు. చివరికి గైనకాలజిస్టే వెళ్లమంటే ఐదో నెలలో డెంటిస్ట్ దగ్గరికి వెళ్లాను. బిడ్డ మన పళ్లలోంచి కాల్షియం తీసుకోదట, తిండిలో చాలకపోతే తల్లి ఎముకల్లోంచి పోతుందట. హార్మోన్లు పెరిగి చిగుళ్లకి రక్తం ఎక్కువగా చేరుతుంది కాబట్టి పంటి మొదట్లో కాస్త పాచి ఉన్నా ఈ నెలల్లో చిగురు వాచిపోతుందని, అందుకే తోమడం అస్సలు ఆపకూడదని ఆవిడ ఓపిగ్గా చెప్పారు. కుడి నడుము కింద చిన్న దిండు పెట్టి, కొంచెం ఎడమకి ఒరిగించి గార అంతా తీశారు. భయపడినంత నొప్పి లేదు.

వేవిళ్ల సంగతి కూడా అప్పుడే తెలిసింది. వాంతి కాగానే నోరు పుల్లగా ఉండి వెంటనే బ్రష్ పట్టుకునేదాన్ని. కడుపులోంచి వచ్చిన ఆమ్లానికి పంటి పైపొర మెత్తబడి ఉంటుంది, ఆ వేడిమీదే తోమితే అరిగిపోతుంది. గ్లాసు నీళ్లలో చెంచా వంటసోడా కలిపి పుక్కిలించి ఉమ్మేసి, గంట ఆగి తోముకోమన్నారు.

ఇక తిండి. వికారం తగ్గుతుందని తలగడ పక్కనే బిస్కెట్లు పెట్టుకుని అర్ధరాత్రి తిని అలాగే పడుకునేదాన్ని, పైగా రోజూ చిమ్మిలి, ఖర్జూరం. నువ్వులు మంచివే, కానీ బెల్లం పళ్ల సందుల్లో అతుక్కుని గంటలకొద్దీ ఉంటుంది. చిమ్మిలి మానలేదు, అన్నంతోపాటే తిని నోరు కడుక్కోవడం మొదలుపెట్టాను. రాత్రి ఆకలేస్తే వేయించిన శనగలు. పెరుగు, మునగాకు పప్పు ఎలాగూ ఉన్నాయి. ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర ఒకేసారి వేసుకుంటే ఐరన్ సరిగ్గా ఒంటబట్టదని గైనకాలజిస్ట్ చెప్పడంతో వాటినీ వేర్వేరు పూటలకి మార్చుకున్నాను.

రెండు వారాల్లో రక్తం బాగా తగ్గింది. ఎనిమిదో నెలలో మళ్లీ కాస్త కనిపించింది. ఈసారి బ్రష్ మాత్రం ఆపలేదు, మెత్తటి కుచ్చుదే వాడుతూ రెండు పూటలా చిగుళ్ల అంచు దాకా తోముకున్నాను.