ఆముదం రాసిన స్తంభం

పెళ్లికని ముంబై వెళ్లాను. పెళ్లి గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, భోజనాలు ఆలస్యమయ్యాయి, అంతే. చెప్పాల్సింది శివాజీ పార్కు సంగతి. దాదర్ వెస్ట్‌లో దిగి ట్యాక్సీ అడిగితే ఇంత దగ్గరికా అని ఒక్కడూ రాలేదు. వస్తానన్నవాడేమో మీటరు వెయ్యనన్నాడు. ఒళ్లు మండి, పూల మార్కెట్ జనాన్ని తోసుకుంటూ నడిచే వెళ్లాను.

అక్కడికి అందరూ క్రికెట్ కోసం వెళ్తారు. నేను వెళ్లింది సమర్థ వ్యాయామ మందిరంలో మల్లఖంబం, అంటే నిలువు స్తంభం ఎక్కి చేసే మన పాతకాలపు విన్యాసాలు, చూడ్డానికి. దీనికంతటికీ కారణం మా పోల్ డాన్స్ టీచరు. "పోల్ మన మల్లఖంబం నుంచే పుట్టింది, ఇంట్లో గొడవ చేస్తే అదే చెప్పండి" అంటుంది, కొత్తగా చేరిన ప్రతివాళ్లతోనూ.

లోపలికి చూసేలోపే ఆముదం వాసన కొట్టింది. పిల్లాడొకడు అరచేతిలో ఒంపుకుని స్తంభానికి పైనుంచి కిందికి పులుముతున్నాడు. నేను నోరు తెరిచాను. మా క్లాసులో స్పిరిట్ పెట్టి తుడిచి తుడిచి జిడ్డన్నది లేకుండా చేస్తాం. ఒంటికి లోషన్ రాసుకొచ్చినవాళ్లకు తిట్లు ఖాయం. 45 మిల్లీమీటర్ల స్టీలు గొట్టానికి చర్మం అంటుకుంటేనే పట్టు దొరుకుతుంది, పొట్టి బట్టలు అందుకే. ఇక్కడిది కర్ర. అడుగున లావు, పైకి పోనుపోను సన్నం, చివర మెడ, దానిమీద గుండు. నూనె లేకుండా ఆ వేగంతో జారితే తోలు లేచిపోతుంది.

ఆ పిల్లాడు పరుగెత్తుకొచ్చి ఎగిరి, తలకిందులై, తొడల మధ్య స్తంభాన్ని ఇరికించి రెండు చేతులూ వదిలేశాడు. పైగా నమస్కారం! మేం దాన్ని ఇన్వర్ట్ అంటాం, నేను నెలల తరబడి కిందామీదా పడి నేర్చుకున్నాను. కానీ మేం పోల్ చుట్టూ తిరుగుతాం, సాగుతాం, పాటతో పోతాం. వీళ్లది మల్లయుద్ధం సాధన, స్తంభం ప్రత్యర్థి. పన్నెండో శతాబ్దపు సంస్కృత గ్రంథం 'మానసోల్లాసం'లోనే దీని ప్రస్తావన ఉందంటారు. మరుగునపడ్డాక రెండో బాజీరావు పేష్వా కాలంలో ఆయన గురువు బాలంభట్ట దేవధర్ మళ్లీ నిలబెట్టారు. మధ్యప్రదేశ్ 2013లో దీన్ని రాష్ట్ర క్రీడ చేసింది, 2019లో ముంబైలో ప్రపంచ పోటీలు కూడా జరిగాయి.

మా పోల్ వంశం వేరు. స్తంభం ఎక్కడం చైనా సర్కస్‌లోనూ ఉంది, కానీ మేం నేర్చుకునేది కెనడా, అమెరికా క్లబ్బుల్లో పొట్టకూటికి ఆడిన ఆడవాళ్లు పెంచిన విద్య. కెనడాకు చెందిన ఫానియా మాండే లాంటివాళ్లు 1990లలో దాన్ని బయటివాళ్లకు నేర్పడం మొదలుపెట్టారు. ఆ క్లబ్బు డాన్సర్ల పేరెత్తడానికి సిగ్గుపడి మల్లఖంబం చాటున దాక్కోవడం నాకు నచ్చదు. వాళ్లు కనిపెట్టిన స్పిన్లు కావాలి గానీ వాళ్లు వద్దా?

బయట కట్ట మీద కూర్చుంటే పక్కనే ఒకావిడ, కూతురి కోసం ఎదురుచూస్తోంది. కూతురిది తాడు మల్లఖంబం, స్తంభం బదులు వేలాడే తాడు. మీరేం చేస్తారని హిందీలో అడిగింది. చెప్పాను. ఇహ "బార్లలోనా?" అంటుందనుకున్నా.

"నూనె రాయరా? మరి తొడలు మండవూ?"

"మండుతాయి" అని మోచేతి మడతలో నీలంగా కమిలిన మచ్చ చూపించాను. వేలితో నొక్కి చూసింది. "మా పిల్లకు మోకాలి వెనక ఉంటాయి, తాడు గీతలు. పసుపు రాస్తాను" అంది. తర్వాత ఫీజెంతని అడిగింది. నెలకెంతో చెప్పగానే ఆవిడ మొహం ఆముదం తాగినట్టయింది.

"ఒక్క గొట్టానికి అంతా? ఎంతమంది ఎక్కుతారు దాని మీద?"

"ఇద్దరిద్దరం, వంతులేసుకుని."

ఆవిడ ఇక ఆపుకోలేక నవ్వేసింది. నాకూ నవ్వొచ్చింది గానీ, వచ్చే నెల ఫీజు ఇంకా కట్టలేదు.