అభిమానుల డబ్బు, ఆటగాడి అర్హత

అమెరికా కాలేజీ క్రీడలను శ్రద్ధగా గమనించే మా బరంపురం తెలుగు మిత్రులు, తమకు నచ్చిన ఆటగాడికి చందాలు పోగుచేసి పంపవచ్చా అని నన్ను తరచూ అడుగుతున్నారు. 2021 జూలై 1 నుంచి అక్కడి క్రీడాకారులు తమ పేరు, రూపం, గుర్తింపుల ద్వారా సంపాదించుకోవచ్చు; అయితే ఆ సొమ్ము ప్రకటనకో, ఆటోగ్రాఫ్‌కో, శిక్షణ శిబిరానికో ప్రతిఫలంగా ఉండాలే తప్ప, ఫలానా కాలేజీలో చేరినందుకో, మ్యాచ్ గెలిచినందుకో ముట్టజెప్పే నజరానా కాకూడదు. ఈ తేడాను అభిమానులు పట్టించుకోకపోతే, ఎంతో కష్టపడ్డ పిల్లవాడికి కాలేజీ తరఫున ఆడే అర్హతే పోవచ్చునన్నది నా బెంగ. ఆటగాళ్లు వేసిన దావాలో 2025లో కోర్టు ఆమోదించిన రాజీ ఒప్పందం ప్రకారం, డివిజన్ 1 (కాలేజీ క్రీడల్లో అగ్రశ్రేణి) ఆటగాళ్లు కాలేజీకి బయటివారితో చేసుకున్న 600 డాలర్లు, అంతకు మించిన ఒప్పందాలను నివేదించాలి. విద్యార్థి వీసాపై వెళ్లిన మన పిల్లలకైతే సంపాదనపై వీసా ఆంక్షలు కూడా ఉంటాయి. అందుచేత రూపాయి పంపే ముందే ఆ కాలేజీలో నిబంధనలు చూసే అధికారికి రాసి, లిఖితపూర్వకమైన జవాబు తీసుకోండి.