75 నిమిషాల క్యాండిల్ మంగళవారం ఎందుకు పక్కకు జరిగింది?

నిన్న రాత్రి ఎట్టకేలకు షేర్ల సూచీ నిఫ్టీ 75 నిమిషాల చార్టులో రోజుకు సరిగ్గా ఐదు క్యాండిళ్లు (ఒక్కో వ్యవధిలో ధర కదలికను చూపే కడ్డీలు) వచ్చాయి. ఈ ఒక్క ఫలితం కోసం రెండు వారాలు పట్టిందంటే నాకే ఆశ్చర్యంగా ఉంది. 5, 15 నిమిషాల చార్టులు మొదటి ప్రయత్నంలోనే కుదిరాయి.

నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజ్ (ఎన్‌ఎస్‌ఈ)లో ట్రేడింగ్ 9.15 నుంచి 3.30 వరకు, అంటే 375 నిమిషాలు నడుస్తుంది. గంట చార్టు వేస్తే 3.15కు మొదలయ్యే చివరి క్యాండిల్‌కు పావుగంటే మిగులుతుంది. ఆ తునకను పూర్తి గంట క్యాండిళ్ల సరసన పెట్టి హై, లోలు (గరిష్ఠ, కనిష్ఠ ధరలు) పోల్చడం నాకు ఎన్నడూ నచ్చలేదు. 75 అయితే ఐదు సమభాగాలు వస్తాయి.

ఒక నిమిషం డేటాను పాండాస్ అనే పైథాన్ లైబ్రరీలో రీశాంపుల్ చేసినప్పుడు (అంటే 75 నిమిషాల గుంపులుగా మార్చినప్పుడు) సోమవారం మొదటి క్యాండిల్ 8.45 పేరుతో వచ్చింది, అందులో 45 నిమిషాల డేటాయే ఉంది. తప్పు టైమ్‌జోన్‌లో ఉందని ఊహించి సమయాలన్నీ యూటీసీలోకి (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలోకి) మార్చాను. మన 9.15 అక్కడ 3.45, అంటే అర్ధరాత్రి నుంచి 225 నిమిషాలు. అది 75కు సరిగ్గా మూడు రెట్లు కావడంతో సోమవారం చక్కగా కుదిరింది, నా ఊహే నిజమని నమ్మాను. కానీ మంగళవారం మొదటి క్యాండిల్‌లో 60, బుధవారం 45, గురువారం 30, శుక్రవారం 15 నిమిషాలే ఉన్నాయి. ఆ నాలుగు రోజులూ ఆరేసి క్యాండిళ్లు వచ్చాయి. మరుసటి సోమవారం మళ్లీ 45 కనిపించేసరికి నా డేటాలోనే ఖాళీలున్నాయని అనుమానించి నాలుగు రాత్రులు దాన్నే వెతికాను.

అసలు కారణం లెక్కలో ఉంది. రోజుకు 1440 నిమిషాలు. 75తో భాగిస్తే 15 శేషం. రీశాంపుల్ మామూలుగా డేటాలోని మొదటి రోజు అర్ధరాత్రి నుంచే క్యాండిళ్ల సరిహద్దు గీతలు గీసుకుంటూ పోతుంది కాబట్టి, గడిచిన ప్రతి రోజుకూ గీత పావుగంట వెనక్కి జరుగుతుంది. శని, ఆదివారాలు మార్కెట్ లేకపోయినా ఆ జరుగుడు ఆగదు. 15 నిమిషాలు రోజును నిశ్శేషంగా భాగిస్తాయి గనుక ఆ చార్టులో ఈ లోపం బయటపడలేదు.

రోజువారీగా విడదీసి ఆరిజిన్‌ను (గీతలు మొదలయ్యే సమయాన్ని) స్టార్ట్‌గా, అంటే ఆ రోజు డేటాలోని మొదటి సమయంగా పెట్టడం చాలామంది చెప్పే పరిష్కారం. దాన్ని నేను ఒప్పుకోను: లావాదేవీలు పలచగా ఉన్న షేరులో మొదటి ట్రేడు 9.17కు పడితే ఆ రోజంతా రెండు నిమిషాలు జరిగిపోతుంది. నేను 9.15 నుంచి గడిచిన నిమిషాలను 75తో భాగించి, శేషం వదిలేసి, భాగఫలాన్ని తేదీతో జతచేసి గుంపులు కట్టాను. చార్టుల వెబ్‌సైటు ట్రేడింగ్‌వ్యూ కూడా ఇంట్రాడే (రోజులోపలి) క్యాండిళ్లను సెషన్, అంటే ఆ రోజు ట్రేడింగ్, ఆరంభం నుంచే లెక్కిస్తుంది. నాకు నచ్చిన పద్ధతి అదే.

ఇక మిగిలింది దీపావళికి శుభముహూర్తంగా జరిపే ప్రత్యేక ముహూరత్ ట్రేడింగ్. 2024లో సాయంత్రం 6 నుంచి 7 వరకు జరిగింది కనుక నా గీతల మధ్య ఒకే క్యాండిల్‌గా ఇమిడింది. 2025లో మధ్యాహ్నం 1.45 నుంచి 2.45 వరకు జరగడంతో 2.15 వద్ద రెండు ముక్కలైంది. సెషన్ ఆరంభ సమయాన్ని తేదీవారీగా ఒక పట్టికలో రాసి, 9.15 స్థానంలో దాన్నే వాడాలని ఉంది. ఆ తరువాత రోజుకు మూడు క్యాండిళ్లు వచ్చే 125 నిమిషాల చార్టు మొదలుపెడతాను.